తూకానికి పోనివ్వని ఓడ



1974 ఆగస్టులో స్కాట్లండ్‌లో ఒక ఓడ చేతులు మారింది. పొడవు 240 అడుగులు. కడుపులో 2,100 గుర్రాల బలమున్న ఆవిరి యంత్రం. చెరో పక్కన ఒక పెద్ద తెడ్డు చక్రం. ధర ఒక్క పౌను.

అమ్మింది క్యాలెడోనియన్ మాక్‌బ్రేన్ అనే ప్రభుత్వ నౌకా సంస్థ. కొన్నది పాత స్టీమర్ల మీద ప్రేమతో 1959లో కొందరు పెట్టుకున్న సంఘం, పాడిల్ స్టీమర్ ప్రిజర్వేషన్ సొసైటీ. పాత ఇనుము వ్యాపారికి తూకానికి ఇస్తే ఆ ధరకు ఎన్నో రెట్లు వచ్చేది. ఆ డబ్బు వదులుకోవడం అమ్మినవాళ్ళ మంచితనమే. కాకపోతే ఈ ఓడ మళ్ళీ నడుస్తుందని అప్పట్లో గట్టిగా నమ్మినవాళ్ళు తక్కువ. ఎక్కడో ఒక రేవులో కట్టేసి చూపుడు వస్తువుగా ఉంచుకుంటారులే అనుకున్నారు. మరుసటి ఏడాది మే నెలలో అది ప్రయాణికులను ఎక్కించుకుని బయల్దేరింది. ఇప్పటికీ నడుస్తోంది. సముద్రం మీద ప్రయాణికులను తీసుకెళ్తున్న తెడ్డు చక్రాల స్టీమర్లలో ప్రపంచం మొత్తానికి మిగిలింది ఇదొక్కటే. దీని పేరు వేవర్లీ. సర్ వాల్టర్ స్కాట్ నవల పేరు.

తెడ్డు చక్రం ఎలా పనిచేస్తుందో ముందు కాస్త చెప్పాలి. ఓడకు అటూ ఇటూ ఇనప చక్రాలు ఉంటాయి. వేవర్లీలో ఒక్కో చక్రానికి ఎనిమిది చెక్క పలకలు బిగించి ఉంటాయి. చక్రం తిరుగుతుంటే పలకలు ఒకదాని వెంట ఒకటి నీళ్ళలోకి దిగి, నీళ్ళను వెనక్కి నెట్టి పైకి లేస్తాయి. పలక అడ్డంగా పడితే నీటిని చరుస్తుంది, బలం వృథా. అందుకని ప్రతి పలకకూ ఒక చిన్న కడ్డీ తగిలించి, నీళ్ళలో ఉన్నంతసేపూ అది నిలువుగా ఉండేలా ఏర్పాటు చేశారు. చేత్తో తెడ్డు వేసేవాడు తెడ్డును నిలువుగా ముంచి నిలువుగా తీస్తాడు కదా, ఈ యంత్రమూ సరిగ్గా అదే చేస్తుంది.

ఐరోపాలో డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకున్న తొలి ఆవిరి పడవ 1812లో స్కాట్లండ్‌లోని క్లైడ్ నది మీదే నడిచింది. హెన్రీ బెల్ అనే ఆయన కట్టించిన కామెట్ అది. తర్వాత ఓడ వెనక నీళ్ళలో తిరిగే ప్రొపెల్లరు వచ్చింది. రెండింటిలో ఏది మేలో తేల్చుకోవడానికి 1845లో బ్రిటిష్ నౌకాదళం రెండు ఓడలను వెనకా వెనకా తాళ్ళతో కట్టి లాగించింది. ప్రొపెల్లరు ఉన్న రాట్లర్, తెడ్డు చక్రాలున్న అలెక్టోను వెనక్కి ఈడ్చుకుపోయింది. మహా సముద్రాల మీద తెడ్డు చక్రాల భవిష్యత్తు అప్పటితోనే తేలిపోయినట్టయింది. నదుల మీదా, తీరం వెంబడీ మాత్రం అవి ఇంకో వందేళ్ళు ఏలాయి. లోతు తక్కువ నీళ్ళు వాటికి చాలు. రేవులో చటుక్కున ఆగగలవు, చటుక్కున కదలగలవు. ఏటా జులైలో గ్లాస్గో కార్మికులకు సెలవులిస్తే ఫ్యాక్టరీలూ ఓడల యార్డులూ మూతపడేవి. కుటుంబాలకు కుటుంబాలు ఈ స్టీమర్లెక్కి క్లైడ్ వెంబడి దిగువ ఊళ్ళకు వెళ్ళేవి. చాలామందికి ఏడాది మొత్తంలో ఊరు కదిలేది ఆ ఒక్కసారే.

వేవర్లీ పుట్టుకలో యుద్ధం ఉంది. 1899లో కట్టిన పాత వేవర్లీ 1940 మే 29న డంకర్క్ తీరాన సైనికులను తరలిస్తూ బాంబులకు మునిగిపోయింది. దాని బదులుగా కట్టింది ఇప్పటి వేవర్లీని. గ్లాస్గోలో కెల్విన్ నది క్లైడ్‌లో కలిసే చోట ఏ అండ్ జె ఇంగ్లిస్ వారి యార్డు ఉండేది. 1946 అక్టోబరులో ఓడను అక్కడ నీళ్ళలోకి దింపారు. సరుకుల కరువు రోజులు కావడంతో పూర్తయ్యేసరికి మరుసటి జూన్ వచ్చింది. అప్పటికే తెడ్డు చక్రాల కాలం చివరికొచ్చింది. తర్వాత జనం కార్లు కొన్నారు, బస్సులెక్కారు, సెలవులకు స్పెయిన్ విమానాలెక్కడం నేర్చారు. ఒకదాని తర్వాత ఒకటి స్టీమర్లు పాత ఇనుము యార్డుల దారి పట్టాయి. 1973 సీజను అయ్యాక వేవర్లీని కూడా ఆపేశారు.

అక్కడినుంచి జరిగింది నాకు ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు సెలవు రోజుల్లో వచ్చి తుప్పు గీకారు, రంగులు వేశారు. ప్రజల దగ్గర చందాలు పోగుచేశారు. ఓడ నడిచింది కూడా. రెండేళ్ళు దాటిన కొద్దికే, 1977 జులైలో, డనూన్ ఊరి దగ్గర గాంటాక్స్ అనే రాతి దిబ్బ మీదికి ఎక్కేసింది. అడుగు దెబ్బతింది. బాగుచేసి మళ్ళీ నడిపారు. ఆ తర్వాత వాళ్ళకు ఒక సంగతి తెలిసొచ్చింది. గ్లాస్గోలో వేసవి చిన్నది, వాన పెద్దది. ఒక్క క్లైడ్ టికెట్లతో ఓడ బతకదు. దాంతో 1978 నుంచి దాన్ని ఇంగ్లండ్ దక్షిణ తీరానికీ లండన్ థేమ్స్‌కూ తీసుకెళ్ళి, ఊరూరా జనాన్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. వేవర్లీని కాపాడింది ఆ నిర్ణయమేనని నా నమ్మకం. ఒక పౌనుకు కొనడం ఒక్క రోజు పని. బాయిలరు పరీక్ష, బీమా, ఇంధనం, సిబ్బంది జీతం... ఇవి ప్రతి ఏడాదీ కొత్తగా ఎదురొస్తాయి. ఓడను కాపాడటం ఒకసారితో అయిపోయే పని కాదని ఆ సంఘంవాళ్ళకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఆ ఓడలో నేను అందరికీ చెప్పాలనుకునే చోటు ఒకటుంది. పై డెక్కు మీద గాలి, కొండలు, పక్షులు ఎలాగూ ఉంటాయి. మెట్లు దిగి కిందికి రావాలి. యంత్రానికి రెండు పక్కలా సన్నని నడవలుంటాయి. మధ్యలో గోడ లేదు, కటకటాలే. వాటి మీద చేతులు ఆనించి నిలబడితే మూడు సిలిండర్ల ఆవిరి యంత్రం మొత్తం కళ్ళముందు ఉంటుంది. గ్రీనాక్ ఊళ్ళో రాంకిన్ అండ్ బ్లాక్‌మోర్ వారు చేసినది. సిలిండర్లు ఏటవాలుగా పడుకుని ఉంటాయి. బాయిలరు నుంచి వచ్చిన ఆవిరి మొదట చిన్న సిలిండరులో దూరి పిస్టనును నెడుతుంది. అక్కడ కొంత బలం తగ్గాక మధ్య సిలిండరులోకి, చివరికి అన్నిటికన్నా పెద్దదాంట్లోకి వెళ్తుంది. ఒకే ఆవిరితో మూడుసార్లు పని. నిగనిగలాడే ఉక్కు కడ్డీలు ముందుకీ వెనక్కీ పోతూ మూడు క్రాంకులను తిప్పుతుంటాయి. పై నుంచి కెప్టెన్ ఆజ్ఞలు పంపే టెలిగ్రాఫు పిడి తిప్పితే కింద గంట మోగుతుంది. ఇంజనీరు చేతిపిడి లాగుతాడు. అంత ఇనుమూ ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరగడం మొదలుపెడుతుంది. వేడి నూనె వాసన. పిల్లలు అక్కణ్ణుంచి కదలరు. కొంచెం అవతలికి వెళ్తే గుండ్రటి అద్దాల్లోంచి చక్రం నీళ్ళను తెల్లగా చిలకడం కనిపిస్తుంది.

ఈ యంత్రంతో ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. వేవర్లీలో రెండు చక్రాలూ ఒకే షాఫ్టు మీద ఉన్నాయి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిప్పి ఓడను మలుపుదామంటే కుదరదు. గాలి, ఆటుపోట్లు చూసుకుని, చుక్కాని మీద ఆధారపడి రేవుకు తీసుకురావాలి. ఆ విద్య ఏ పుస్తకంలోనూ పూర్తిగా దొరకదు. పక్కన నిలబడి నేర్చుకోవాలి. గోదావరి మీద లాంచీలు నడిపే మన సరంగులను అడిగినా ఇదే చెబుతారు. ఓడను ముక్కలు చేసినప్పుడు ఇనుముకు ధర కడతారు, ఈ విద్యకు మాత్రం ఎవరూ ధర కట్టరు. అది నేర్పడానికి చోటే లేకుండా పోతుంది. వేవర్లీని కట్టిన యార్డు 1962లోనే మూతపడింది. మన తూర్పు దేశాలకు ఎన్నో నదీ స్టీమర్లు పంపిన డంబార్టన్‌లోని డెన్నీ యార్డు 1963లో మూతపడింది. ఇప్పుడు ఆ పని నేర్పే బడి ఏదైనా ఉందంటే అది నడుస్తున్న ఓడే.

2019లో మళ్ళీ ప్రాణం మీదికి వచ్చింది. బాయిలర్లు ఇక పనికిరావని తేలింది. ఆ ఏడు ఒక్క ప్రయాణం కూడా లేదు. 23 లక్షల పౌన్లు కావాలని విజ్ఞప్తి చేశారు. జనం చిన్నచిన్న మొత్తాలు పంపారు. స్కాట్లండ్ ప్రభుత్వం పది లక్షల పౌన్లు ఇచ్చింది. పొగగొట్టాలు విప్పి, డెక్కు తెరిచి, పాత బాయిలర్లు క్రేనుతో పైకి లాగి కొత్తవి దింపారు. 2020 ఆగస్టులో, అదీ కరోనా మధ్యలో, ఓడ కదిలింది. రెండు వారాలకే అర్రాన్ దీవిలో బ్రోడిక్ జెట్టీని గుద్దుకుంది. ప్రయాణికులకు దెబ్బలు తగిలాయి, ఆ సీజను అక్కడితో ఆగిపోయింది. వదిలేయడానికి అంతకన్నా మంచి కారణం ఇంకేం కావాలి? వాళ్ళు వదల్లేదు. 2021లో మళ్ళీ వచ్చింది.

ఇప్పుడు ఓడిపోయిన ఓడ గురించి. అదే ఇంగ్లిస్ యార్డులో, వేవర్లీకి కొన్నేళ్ళ ముందు, 1940లో లింకన్ క్యాజిల్ అనే స్టీమరు తయారైంది. ఇంగ్లండ్ తూర్పు తీరాన హంబర్ నది చాలా వెడల్పు. హల్ నగరానికీ అవతలి గట్టు న్యూ హాలండ్‌కూ మధ్య జనాన్ని దాటించడం దాని పని. 1978లో బాయిలరు పాడై ఆగింది. 1981లో హంబర్ వంతెన తెరిచారు, ఫెర్రీతోనే పని లేకుండా పోయింది. తర్వాత లింకన్ క్యాజిల్‌ను రెస్టారెంటుగా మార్చారు. కొన్నాళ్ళు ఆ వంతెన పక్కనే, ఆ తర్వాత గ్రిమ్స్‌బీ రేవులో కట్టేసి ఉంచారు. కదలని ఓడకు అడుగు నుంచి తుప్పు పడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ బాగుచేసే ఖర్చు పెరుగుతుంది, బాగుచేయాలనే వాళ్ళు తగ్గుతారు. చివర్లో కాపాడతామని కొందరు ముందుకొచ్చారు, గట్టిగా అరిచారు. 2010లో దాన్ని ముక్కలు చేసేశారు.

ఆపే చట్టం లేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. బ్రిటన్‌లో ఒక పాత ఇంటిని చారిత్రక కట్టడంగా నమోదు చేస్తే యజమాని కూడా ఇష్టమొచ్చినట్టు కూల్చలేడు. చారిత్రక ఓడలకూ జాతీయ జాబితా ఉంది. అందులో పేరెక్కితే గౌరవం వస్తుందే గాని రక్షణ రాదు. స్విట్జర్లండ్‌లో పరిస్థితి వేరు. జెనీవా సరస్సు మీది ఎనిమిది పాతకాలపు నౌకలను 2011లో అక్కడి వో రాష్ట్రం చారిత్రక స్మారకాలుగా ప్రకటించింది. లుసెర్న్ సరస్సు మీద ఐదు తెడ్డు చక్రాల స్టీమర్లు ఇప్పటికీ టైముకు బయల్దేరుతాయి. వాటిలో అన్నిటికన్నా పాతది, ఊరి అనే పేరుగలది, 1901 నాటిది. అమెరికాలో 1914 నాటి బెల్ ఆఫ్ లూయీవిల్‌ను 1962లో వేలానికి పెడితే అక్కడి కౌంటీ ప్రభుత్వమే 34,000 డాలర్లకు పాడుకుంది. అప్పట్లో పన్నుల డబ్బు తగలేశారని తిట్టినవాళ్ళున్నారు. ఆ పడవే నేడు ఆ ఊరికి గుర్తు.

పాత ఓడల మీద ఒక అభ్యంతరం వినిపిస్తుంది. దాన్ని పక్కకు తోసేయడం న్యాయం కాదు. భద్రత. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం తలుచుకుంటే మన గుండె ఇప్పటికీ బరువెక్కుతుంది. నీళ్ళ మీద జనాన్ని ఎక్కించుకునే దేనికీ నిబంధనల్లో సడలింపు అడగకూడదు. అమెరికాలో 1927 నాటి డెల్టా క్వీన్ పై భాగమంతా చెక్కే. అగ్నిప్రమాదం భయంతో తెచ్చిన చట్టం నుంచి ఆ దేశపు పార్లమెంటు దానికి మళ్ళీ మళ్ళీ మినహాయింపు ఇస్తూ వచ్చింది. 2008లో ఆ మినహాయింపు అయిపోగానే ఆ పడవ ఆగిపోయింది. వేవర్లీ వాళ్ళది వేరే దారి. 2000 నుంచి 2003 దాకా ఓడను దాదాపు విప్పి, లాటరీ నిధుల సాయంతో నేటి నిబంధనలకు తగ్గట్టు మళ్ళీ కట్టారు. ఖర్చెక్కువ, ఆలస్యమెక్కువ. అయినా నాకు అదే సరైన దారిగా కనిపిస్తుంది.

అలా అన్నీ మార్చేస్తే అది పాత ఓడేనా అని అడిగేవాళ్ళుంటారు. మెడ్‌వే క్వీన్ సంగతి వినండి. 1924 నాటి స్టీమరు. డంకర్క్‌కు ఏడుసార్లు వెళ్ళి దాదాపు 7,000 మంది సైనికులను బతికించి తెచ్చింది. ఆ తర్వాత నైట్‌క్లబ్బు అయింది, బురదలో మునిగింది, తేలింది, మళ్ళీ మునిగింది. చివరికి దాని పాత అడుగు పనికిరాలేదు. బ్రిస్టల్‌లో పాత నమూనా ప్రకారమే కొత్తది కట్టారు. ఉక్కు రేకులను వెల్డింగు చేయలేదు, పాతకాలం లాగే ఎర్రగా కాల్చిన రివెట్లు కొట్టి బిగించారు. అప్పటికి బ్రిటన్‌లో ఓడకు రివెట్లు కొట్టే పని ఆగిపోయి యాభై ఏళ్ళు దాటింది. దీనికోసం కుర్రవాళ్ళు ఆ పని కొత్తగా నేర్చుకున్నారు. 2013లో ఓడ సొంత నదికి చేరింది. నా మటుకు నాకు అది పాత మెడ్‌వే క్వీనే. ఆ రివెట్ల పని తిరిగి మనుషుల చేతుల్లోకి వచ్చిందంటే దానివల్లే.

ఇదంతా దూరపు దేశాల మాట అనుకోకండి. 1974లో రాజమండ్రి, కొవ్వూరు మధ్య రోడ్డు, రైలు వంతెన వచ్చే వరకు రైలెక్కనివాళ్ళు గోదావరిని పడవ మీదో లాంచీ మీదో దాటాల్సిందే. కోరంగి, కాకినాడ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి మనవాళ్ళు వేలూ లక్షలుగా రంగం, అంటే బర్మా, వెళ్ళారు. రంగూన్ రేవులో బరువులు మోసినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. ఆ దేశపు ఐరావతి నది మీద నడిచిన ఐరావతి ఫ్లోటిల్లాకు ఆరువందలకు పైగా నౌకలుండేవి. ప్రపంచంలోనే అతి పెద్ద నదీ నౌకాదళమని పేరు. వాటిలో పెద్ద తెడ్డు చక్రాల స్టీమర్లు చాలావరకు డెన్నీ వారివే. 1942లో జపాను సైన్యం చేతికి చిక్కకూడదని కంపెనీ వాళ్ళే చాలావాటిని చేతులారా నదిలో ముంచేశారు.

బెంగాల్ వైపు కొన్ని మిగిలాయి. బంగ్లాదేశ్‌లో ఢాకా, బరిసాల్, ఖుల్నా నడుమ తిరిగిన నారింజరంగు స్టీమర్లను జనం రాకెట్ అనేవారు. వాటిలో మహ్‌సూద్ 1928లో, ఆస్ట్రిచ్ 1929లో కలకత్తా గార్డెన్ రీచ్‌లో తయారయ్యాయి. ఆవిరి తీసేసి డీజిలు పెట్టినా చక్రాలు చక్రాలుగానే ఉండి, తొంభై ఏళ్ళ వయసులో కూడా జనాన్ని మోశాయి. 2022లో పద్మా వంతెన తెరిచాక నదీ ప్రయాణికులు బాగా పలచబడ్డారు. హంబర్ మీద జరిగిందే ఇక్కడా జరిగింది. వంతెన వద్దని ఎవరూ అనరు, నేనూ అనను. నదులు దాటించే స్టీమర్లకు గండం మాత్రం చాలాచోట్ల వంతెన రూపంలోనే వస్తోంది. వంతెన కట్టడానికి ఏళ్ళు పడుతుంది. ఆ స్టీమరును ఏం చేయాలో ఆలోచించడానికి అన్నేళ్ళూ సమయం ఉన్నట్టే.

మన దేశంలో కోల్‌కతా రేవు వాళ్ళ దగ్గర భోపాల్ అనే తెడ్డు చక్రాల స్టీమరు ఉంది. 1940లలో డంబార్టన్‌లో తయారై వచ్చినది. చాలాకాలం పక్కన పడి ఉన్నదాన్ని ఈమధ్యే ఒక ప్రైవేటు సంస్థతో కలిసి బాగుచేసి హుగ్లీ మీద ప్రజలకు చూపిస్తున్నారు. విశాఖ బీచ్‌లో కుర్సురా జలాంతర్గామిని 2002లో మ్యూజియం చేసినప్పుడు పిల్లాపాపలతో బారులు తీరిన జనాన్ని చూసినవాళ్ళకు, మనవాళ్ళకు ఓడలంటే ఆసక్తి లేదనే మాట చెల్లదు. గోదావరి గట్టున పాత లాంచీ యజమానులు, సరంగులు, ఇంజను డ్రైవర్లు ఇంకా ఉన్నారు. వాళ్ళింట్లో పాత ఫొటో, టికెట్టు పుస్తకం, ఇత్తడి గంట, ఏది ఉన్నా దయచేసి పారేయనివ్వకండి. ఫోనులో వాళ్ళ మాటలు రికార్డు చేయండి.

బ్రిటన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు ఈ ప్రసంగం వింటుంటే వాళ్ళకొక మాట. వేసవిలో గ్లాస్గో సైన్స్ సెంటర్ పక్క నుంచి వేవర్లీ బయల్దేరుతుంది. ఎక్కండి. కాసేపటికి కుడివైపున కెల్విన్ నది వచ్చి కలుస్తుంది. అక్కడ ఇప్పుడు రివర్‌సైడ్ మ్యూజియం ఉంది. మీరెక్కిన ఓడను కట్టింది ఆ నేల మీదే. అది దాటాక మెట్లు దిగి యంత్రం దగ్గరికి వెళ్ళండి. టికెట్లు త్వరగా అయిపోతాయి, ముందే కొనుక్కోండి.